దేవునర్రలో దీపం సరే, సైదులు ఏడి?

నల్లగొండ, పాలమూరు నుంచి వస్తున్న కుటుంబ కథల్లో భక్తికీ ఆశకూ గుర్తు ఏమిటంటే కళ్లు మూసుకుని చెప్పొచ్చు: దేవునర్రలో, అంటే పూజగదిలో, దీపం. నాయనమ్మ మంచాన పడితే రెపరెపలాడుతుంది. మనవడు అమెరికా నుంచి దిగితే నిలకడగా వెలుగుతుంది. ఈ దీపం మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది.

దీపమైతే అందరికీ అర్థమవుతుంది, ఊరి గుర్తులు పెడితే బయటివాళ్లు తడబడతారు అంటారు కొందరు. అర్థమవుతుంది, నిజమే. చదివిన మర్నాటికి గుర్తుండదు, అదీ నిజమే.

పాత నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా కృష్ణా నది వైపు ఊళ్లలో, బడి హాజరు పట్టీ తీయండి. సైదులు, సైదమ్మ తగులుతారు. చాలామంది హిందువుల ఇళ్ల పిల్లలే. కడుపు పండక, పుట్టిన బిడ్డ దక్కక, పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాళ్లు, లేదా అట్లా పుట్టిన తాత పేరు మోస్తున్నవాళ్లు. జనవరిలో ఉర్సుకు పోయి కందూరు, అంటే మొక్కు విందు, చేసి వచ్చే ఇళ్లు అవి. కథకుడు ఇంకే గుర్తు వెతకాలి? 'సైదులూ, బువ్వకు రారా' అని తల్లి కేకేస్తే ఆ ఇంటి భయం, మొక్కు, ఆశ మూడూ ఆ పిలుపులోనే ఉన్నాయి. యాదమ్మ వెనక యాదగిరిగుట్ట ఉంది, కుర్మయ్య వెనక పాలమూరు కురుమూర్తి గుట్ట ఉంది. మన కథల్లో నాయకుడికి మాత్రం ఏ ఊరికీ చెందని పేరు. సైదులు కనిపిస్తే జీతగాడో, ఆటో డ్రైవరో అయి ఉంటాడు.

నా అసలు గొడవ ఇదే. మన సాహిత్యంలో కుటుంబమంటే దేవునర్ర ఉన్న ఇల్లే. ఒక్కటే అర్ర ఉన్న ఇంటికి దేవుడు లేడా?

కురుమూర్తి జాతరలో స్వామివారి ఉద్దాలు, అంటే చెప్పులు, వడ్డెమాన్‌లో మాదిగలు నిష్ఠగా తోలుతో కుట్టి ఇస్తారు. దీపావళి దాటాక వాటిని ఊరేగింపుగా గుట్టకు తీసుకుపోతారు. దారి పొడుగునా జనం మొక్కుతారు. తోలుకు మొక్కే జనం! ఆ ఉద్దాలు కుట్టే ఇంటి నుంచి ఒక కుటుంబ కథ రావాలి. తోలు కోసే చేతిలో భక్తి ఎంత, కోపం ఎంత? ఉద్దాలకు చేతులెత్తి మొక్కినవాళ్లు, జాతర అయిపోయినంక వాటిని కుట్టినాయన వస్తే ఏ గడప దాకా రానిస్తారో ఆ ఇంటి కోడలు చెప్తే వినాలని ఉంది.