చీటీ అడగని మందుల దుకాణం

కామెర్లు వచ్చో, పిత్తనాళంలో రాయి అడ్డుపడో ఎండోస్కోపీకి వచ్చే రోగికి తన జబ్బు గురించే బెంగ. పేగుల్లో ఏ సూక్ష్మజీవులు కాపురముంటున్నాయో అతనికి తెలియదు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు పాలుపంచుకోగా 2025 నవంబరులో వెలువడిన నాలుగు దేశాల అధ్యయనం సరిగ్గా ఆ సంగతినే పరీక్షించింది. ఇలా వచ్చిన భారతీయ రోగుల్లో 83 శాతం మంది పలు యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియాను మోస్తున్నారని తేల్చింది. ఇటలీలో ఇది 31.5, అమెరికాలో 20.1, నెదర్లాండ్స్‌లో 10.8 శాతమే. మనవారిలో దాదాపు నాలుగో వంతు మందిలో ఉన్నవి, ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కార్బాపెనెమ్ మందులకూ లొంగనివి. ఎండోస్కోపీ రోగుల లెక్కను దేశ జనాభాకంతటికీ వర్తింపజేయలేం. అలాగని ఊరట చెందడానికీ లేదు.

ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా పేగుల్లో ఉన్నంతకాలం మనిషికి నొప్పీ ఉండదు, జ్వరమూ రాదు. అవే మూత్రనాళంలోకో, ఆపరేషన్ గాయంలోకో, నెత్తురులోకో చేరిన రోజున మామూలు మందు పనిచేయదు. అనవసరంగా మింగిన ప్రతి యాంటీబయాటిక్ మాత్రా లొంగే బ్యాక్టీరియాను చంపి, లొంగనివాటికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. ఆ మొండితనాన్నిచ్చే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి పాకుతాయి.

సాయంత్రం వేళ మందుల దుకాణాల ముందు తరచూ కనిపించే దృశ్యం ఇది. పిల్లవాడికి జ్వరమని తండ్రి చెబుతాడు. కౌంటరు వెనకున్న కుర్రాడు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతాడు. చీటీ అడగడు, బిల్లు రాయడు. వైద్యుడు రాయనిదే వాడొద్దని చెప్పే ఎర్ర గీత స్ట్రిప్పు మీద నిలువునా ఉన్నా ఇద్దరూ దాన్ని పట్టించుకోరు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న, ఔషధ నిబంధనల్లోని హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సిమ్ వంటి మందులు అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుడి పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టరును దుకాణం కొనుగోలు బిల్లులతో సరిచూస్తే తేడా ఒక్క పూటలో బయటపడుతుంది. కేరళ 2024లో ఆపరేషన్ అమృత్ పేరిట ఆకస్మిక తనిఖీలకు దిగింది. తెలుగు రాష్ట్రాలూ ఆ పని చేయాలి.

అయితే, డాక్టరు దగ్గరికి వెళితే ఒక రోజు కూలి పోయే మనిషి దుకాణాన్నే ఆస్పత్రిగా చేసుకున్నాడని నిందించడం మాకిష్టం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాయంత్రం కూడా వైద్యుడుండాలి. ఏరియా ఆస్పత్రిలో మూత్రం, నెత్తురు కల్చర్ పరీక్షలు ఉచితంగా జరగాలి. ఏ మందు పనిచేస్తుందో తెలిపే ఆ నివేదిక రోగి చేతికి రెండు, మూడు రోజుల్లో అందాలి.