కందిపప్పు మానేస్తే కేన్సర్ ప్రొటీన్ పోదు

మళ్లీ అదే మెసేజ్. "కేన్సర్ ప్రొటీన్‌ను నాశనం చేసే మందు దొరికింది. అన్ని కేన్సర్లకూ ఒకటే మాత్ర. కంపెనీలు ఇరవై ఏళ్లుగా దాచాయి. అది చేతికొచ్చేదాకా పప్పు, గుడ్లు, పాలు మానేయండి. నిషేధించిన థాలిడమైడ్‌ను పేరు మార్చి అమ్ముతున్నారు, జాగ్రత్త." పంపినవాళ్లలో బీఫార్మసీ చదివినవాడూ ఉన్నాడు!

దాచారట. క్రూస్, డెషాయీస్ అనే అమెరికా శాస్త్రవేత్తల బృందాలు, కణంలోని ప్రొటీన్‌ను కణం చేతే ముక్కలు చేయించే ఈ పద్ధతిని 2001లోనే పత్రికలో ప్రచురించాయి. అచ్చు వేసి మరీ దాచడం గొప్ప విద్యే.

ఒకటే మాత్రట. ఈ తరహా మందుల్లో ఒకటైన వెప్‌డెగెస్ట్రాంట్ పట్టుకునేది ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను, అంటే కణంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్‌ను మాత్రమే. 2025 ఫలితాల్లో అది మెరుగ్గా పనిచేసింది కూడా ఆ రిసెప్టర్ జన్యువులో మార్పు ఉన్న రొమ్ము కేన్సర్ రోగుల్లోనే. వ్యాధి ముదరకుండా గడిచిన కాలం పాత ఇంజెక్షన్‌తో 2.1 నెలలు, దీనితో 5 నెలలు.

ఇక పప్పు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మందు అణువుకు రెండు కొసలు. ఒక కొస కణంలోని ఫలానా ప్రొటీన్‌ను పట్టుకుంటే, రెండోది ఇ3 లైగేజ్ అనే ఎంజైమ్‌ను దాని పక్కకు లాక్కొస్తుంది. ఆ ఎంజైమ్ ఆ ప్రొటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ల గొలుసును గుర్తుగా తగిలిస్తుంది. గొలుసు పడ్డదాన్ని ప్రోటియాసోమ్ అనే కణంలోని కత్తిరింపు యంత్రం ముక్కలు చేస్తుంది. ఇందులో కందిపప్పు ఎక్కడ తగిలింది? తిన్న పప్పు పేగుల్లోనే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఏ ప్రొటీన్ తయారవ్వాలో చెప్పేది జన్యువు, సాంబారు గిన్నె కాదు. చికిత్సలో కండ కరిగిపోతుందనే రోగికి కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ పెట్టమంటారు. అంటే 50 కిలోల మనిషికి కనీసం 50 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు 6. ఆ గుడ్డూ లాగేసుకుని గంజి పోయండి, రోగం కన్నా ముందు రోగి నీరసించిపోతాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి తగ్గించాల్సి రావచ్చు. ఆ మాట డాక్టరు చెప్పాలి, బాబాయి గ్రూపు కాదు.

థాలిడమైడ్ సంగతి మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. 1961లో జర్మనీ మార్కెట్ నుంచి తొలగించిన ఆ మందుకు అమెరికాలో 1998లో కుష్ఠు రోగుల్లో వచ్చే ఒక చర్మ సమస్యకు, 2006లో మల్టిపుల్ మైలోమా అనే రక్త కేన్సర్‌కు అనుమతి దక్కింది, అదీ సొంత పేరుతోనే. దాని దాయాది లెనలిడమైడ్‌ను హైదరాబాద్‌కు చెందిన నాట్కో తయారుచేస్తుంది. రెండు కొసలు లేకపోయినా ఇవీ ఇ3 లైగేజ్‌లో భాగమైన సెరెబ్లాన్ ద్వారా ప్రొటీన్లను కూల్చేవే. థాలిడమైడ్ వల్ల సాల్4 అనే ప్రొటీన్ కూలిపోవడానికీ, గర్భిణులు దాన్ని వాడితే పుట్టిన శిశువుల అవయవ లోపాలకూ సంబంధం ఉందని 2018లో తేలింది. గర్భం విషయంలో ఆ భయం న్యాయమైనదే. కాబట్టి ఆ వాక్యంలో "థాలిడమైడ్, జాగ్రత్త" అన్నంతవరకే ఉంచుకోండి, "గర్భిణులు వాడకూడదు, మైలోమా రోగులు డాక్టరును అడగకుండా ఆపకూడదు" అని చేర్చండి. మిగతాదంతా చెరిపేశాకే పంపండి.