ఫీజు తీసుకున్నారు, సినిమా చూశారా?

మళ్లీ ఫెస్టివల్ నుంచి అదే తిరస్కరణ మెయిల్. ఎంట్రీలు ఎక్కువ వచ్చాయట, చోటు చాలలేదట, చింతిస్తున్నారట. ఫిలిం ఫెస్టివల్స్‌కు సినిమాలు పంపే కొత్త దర్శకులకు ఈ మాటలు కంఠతా వచ్చేశాయి. సినిమా నచ్చకపోతే వద్దనండి, ఎవరూ కాదనరు. చూడకుండానే వద్దంటే, అదీ ఎంట్రీ ఫీజు తీసుకుని వద్దంటే, దాన్ని ఏమనాలి?

అమెరికాలో జరిగే సన్‌డాన్స్ ఫెస్టివల్‌కు 2025లో షార్ట్ ఫిల్మ్‌లతో కలిపి 15,775 ఎంట్రీలు వచ్చాయి. వాటిలో ఫీచర్ సినిమాలే, అంటే పూర్తి నిడివి సినిమాలే 4,138. ఎంపికైనట్టు ప్రకటించినవి 87. వచ్చిన ఫీచర్ సినిమాలు ఒక్కోటి గంటన్నర అనుకున్నా మొత్తం ఆరు వేల గంటల పైమాటే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే ఒక మనిషికి రెండేళ్లు దాటుతుంది. అందుకే చాలా పెద్ద ఫెస్టివల్స్‌లో మొదటి వడపోత, సినిమాలను ఎంపిక చేసే ప్రోగ్రామర్ల కింద పనిచేసే ప్రివ్యూ బృందాలది. వాళ్లెవరు, ఎంతసేపు చూస్తారు అన్నది ఫీజు కట్టినవాడికి సాధారణంగా తెలియదు. కొందరు దర్శకులు తాము పంపిన లింక్ ఎవరైనా తెరిచారా అని వ్యూస్ లెక్క చూసుకుంటున్నారు. సున్నా కనిపిస్తే వాళ్లు ఎవరిని అడగాలి?

ఇంకో దారీ ఉంది, దానికి సాధారణంగా ఫీజు ఉండదు. సినిమా హక్కులు అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్లు చూపించే సినిమాలు, పాత పరిచయం ఉన్న దర్శకుల కొత్త సినిమాలు, ప్రోగ్రామర్లు స్వయంగా పిలిచేవి ఆ దారిన వస్తాయి. స్లాట్లలో ఎన్ని అలా నిండాయో, ఓపెన్ ఎంట్రీలకు ఎన్ని మిగిలాయో ఫీజు కట్టేముందు ఎందుకు చెప్పరు? పైగా అంతకుముందు ఇంకెక్కడా చూపించకూడదన్న ప్రీమియర్ షరతు ఒకటి. పెద్ద ఫెస్టివల్ ఆశతో చిన్న ఫెస్టివల్‌ను వదులుకున్న సినిమాకు ఆఖరికి రెండూ దక్కవు.

ఎంపిక అభిరుచికి సంబంధించింది, మార్కులు వేసి చూపించలేం అంటారు ప్రోగ్రామర్లు. నిజమే. మేం మార్కులు అడగడం లేదు, ఫీజుకు లెక్క అడుగుతున్నాం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్న వాదన కూడా ఉంది. అయితే పది నిమిషాలే చూస్తామని ఎంట్రీ ఫారంలో రాయండి. ఆ తర్వాత ఎంతమంది ఫీజు కడతారో చూద్దాం.

1972కు ముందు ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫెస్టివల్‌కు ఏ సినిమా వెళ్లాలో ఆయా దేశాలే తేల్చేవి. ఆ ఏడాది నుంచి ఫెస్టివలే ఎంచుకోవడం మొదలుపెట్టింది. మంచి మార్పే, కానీ తలుపులు మూసుకునే ఎంచుకుంది. ఎంపిక కమిటీ పేర్లు బయటపెడతామని 2018లో అదే కాన్ ఒక ఒప్పందంపై సంతకం చేసింది. పేర్లు చెప్పగలిగినప్పుడు లెక్కలు చెప్పడానికి ఏం అడ్డం?

స్వతంత్ర సినిమాకు మేమే దిక్కు అని వేదికల మీద గొంతు చించుకునేది వీళ్లే. ఏ అండా లేనివాడి జేబులోంచి ఫీజు తీసుకుని అతని సినిమా తెరవనిదీ వీళ్లే. చూడటానికి మనుషులు లేకపోతే ఎంట్రీలు తగ్గించుకోండి. అదీ చేతకాకపోతే డబ్బు వెనక్కి పంపండి. మీ చింత ఎవరికీ అక్కర్లేదు.