జర్మనీ వెళ్లే నర్సులూ, బి1తో విమానం ఎక్కకండి

"బి1 పాసైతే చాలమ్మా, మిగతా జర్మన్ అక్కడికి వెళ్లాక అదే వచ్చేస్తుంది." బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం చదివిన పిల్లలకు కన్సల్టెన్సీలు చెప్పే మాట ఇది. బి1, బి2 అంటే జర్మన్ భాషా పరీక్షలో స్థాయిలు, బి1 పైన బి2. అదే రాదు. రాకపోవడానికి కారణం వాళ్ల బద్ధకం కాదు.

జర్మనీలో లైసెన్సు లేకుండా నర్సుగా చేయనివ్వరు. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అక్కడ నేరుగా చెల్లదు. వాళ్ల నర్సు చదువు మూడేళ్లు: 2,100 గంటల థియరీ, 2,500 గంటల ప్రాక్టికల్. మన చదువును దాంతో పోల్చి, ఎందులో తక్కువైందో రాసి అక్కడి రాష్ట్ర అధికారులు ఒక కాగితం ఇస్తారు. దాని పేరు డెఫిజిట్‌బెషైడ్. ఆ లోటు పూడ్చుకోవడానికి అడాప్టేషన్ కోర్సైనా చేయాలి, కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్షైనా రాయాలి. దానికి తోడు బి2 ఉంటేనే లైసెన్సు. అప్పటిదాకా మీరు హెల్పరే.

హెల్పర్‌గా ఉంటే ఎంత పోతుందో లెక్క చూడండి. వృద్ధుల సంరక్షణ రంగంలో 2025 జులైలో అమల్లోకి వచ్చిన కనీస వేతనం గంటకు హెల్పర్‌కు 16.10 యూరోలు, లైసెన్సున్న నర్సుకు 20.50. తేడా 4.40. వారానికి 40 గంటల చొప్పున నెలకు దాదాపు 760 యూరోలు, ఏడాదికి 9 వేల పైనే. పన్నులకు ముందు లెక్కే అనుకోండి, అయినా చిన్న మొత్తమా? ఆ ఏడాది పొడవునా యాజమాన్యానికి నర్సు చదువు చదివిన మనిషి హెల్పర్ జీతానికి దొరుకుతుంది. తొందరపెట్టి పంపేవాళ్లు ఈ లెక్క మాత్రం చెప్పరు.

ఇక అక్కడ బి2 ఎందుకు రాదంటే, డ్యూటీ ఈ వారం పొద్దున, వచ్చే వారం సాయంత్రం, ఆపైన నైట్. క్లాసు టైమేమో మారదు. వార్డులో హెల్పర్ నోట తిరిగేవి కొన్ని వాక్యాలే: లేవండి, తిరగండి, నొప్పిగా ఉందా, నీళ్లు కావాలా. కేర్ రిపోర్టు రాసే పని, డాక్టరుతో మాట్లాడే పని నర్సుకు వెళ్తాయి. బి2 పరీక్షలో అడిగేదేమో అలా వివరంగా రాయడం, మాట్లాడటమే. పైగా ఎనభై ఏళ్ల ముసలమ్మ మాట్లాడేది పుస్తకంలో జర్మన్ కాదు, వాళ్ల ఊరి యాస.

పని కూడా వేరే. మన దగ్గర స్నానం, తినిపించడం, పక్క మార్చడం ఆయాలో ఇంట్లోవాళ్లో చూసుకుంటారు, నర్సు అంటే క్యాన్యులా, ఇంజెక్షన్. అక్కడ ఒళ్లు తుడవడం నుంచి పుండ్లు పడకుండా పక్క మార్చడం దాకా నర్సు బాధ్యతే. ఇది చిన్నతనం అనుకునేవాళ్లు మొదటి నెలలోనే కుంగిపోతారు. ఇక్కడుండగానే తెలిస్తే ఆ దెబ్బ సగం తగ్గుతుంది.

కాబట్టి బి2 ఇక్కడే కానివ్వండి. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బి2 పరీక్షలో నాలుగు మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. పోయిన మాడ్యూల్ ఒక్కటే మళ్లీ రాయొచ్చు. కాలేజీ నుంచి మార్కుల మెమో ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు. సబ్జెక్టువారీగా థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు విడివిడిగా ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. గంటలు కనపడకపోతే చదివిన సబ్జెక్టు కూడా లోటు కింద రాసేస్తారు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లో "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అన్న ఒక్క ముక్క చాలదు. ఏ వార్డు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏమేం పనులు చేశారో ఉండాలి, ఎందుకంటే అనుభవంతో లోటు కొంత తగ్గించుకోవచ్చు. జర్మనీలో 16 రాష్ట్రాలు, ఒక్కోచోట ఒక్కో కాగితాల జాబితా. ఏ రాష్ట్రానికి వెళ్తున్నారో తేలకముందే అనువాదాలకు డబ్బు తగలేయకండి.

ఇంకో మాట, చర్చికి వెళ్లే అక్కాచెల్లెళ్లకు. అక్కడ అడ్రస్ నమోదు ఫారంలో మతం అడుగుతారు. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే ఆదాయపన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను జీతంలోంచి కోస్తారు. కట్టాలనుకుంటే కట్టండి, తెలిసి కట్టండి.

ఏజెంటు సంగతికొస్తే, రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దానిపైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూడండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు వాటిని అడగండి.

కాంట్రాక్టులో మధ్యలో మానేస్తే ఖర్చు తిరిగి కట్టాలనే షరతు ఉంటే సంతకానికి ముందు మూడు అడగండి: మొత్తం ఎంత, నెలనెలా తగ్గుతుందా, గడువు లెక్క మీరు దిగిన రోజు నుంచా లైసెన్సు వచ్చిన రోజు నుంచా. లైసెన్సు రోజు నుంచి అంటే, హెల్పర్‌గా గడిచిన నెలలు ఆ లెక్కలోకే రావు.