నా నోరు పాలసీలో లేదట

నా నోట్లో ఇంకా నాలుగు కుట్లు ఉన్నాయి. ఆరు రోజుల కిందట కుడివైపు కింది జ్ఞానదంతాన్ని శస్త్రచికిత్సతో తీయించుకుని, అందుకైన పధ్నాలుగు వేల రూపాయల కోసం ఆరోగ్య బీమా సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాను. దరఖాస్తు పెట్టిన మూడో రోజుకే, అంటే ఈ మధ్యాహ్నమే, తిరస్కరణ వచ్చింది. అంత వేగాన్ని నేను ఆ సంస్థలో ప్రీమియం వసూలు విషయంలో తప్ప ఎన్నడూ చూడలేదు. ప్రమాదం వల్ల ఆసుపత్రిలో చేరితే తప్ప దంత చికిత్స పాలసీ పరిధిలోకి రాదట. అంటే ఏడేళ్ళుగా నేను కడుతున్నది కళ్ళు, ముక్కు, చెవులకూ, మెడ నుంచి పాదాల దాకా ఉన్న శరీరానికీ మాత్రమేనన్నమాట. మధ్యనున్న నోరు నేను ఎక్కడో అద్దెకు తెచ్చుకున్నది కాబోలు.

ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి చాలా మర్యాదగా, "పన్ను పీకించుకోవడానికి క్లెయిమ్ ఉండదు సార్" అన్నాడు. ఆ "పీకించుకోవడం" అనే మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. నా పన్ను నిలబడి లేదు. ఎముకలో అడ్డంగా పడుకుని పక్క దవడపన్నును నెడుతూ వచ్చింది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఆ పన్ను వేళ్ళ కిందుగానే, దవడ ఎముకలోని సన్నని కాలువలో సాగుతుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి నెలల తరబడి మొద్దుబారవచ్చు, కొందరికి ఆ స్పర్శ ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. అందుకే మామూలు ఎక్స్‌రేతో ఆగకుండా స్కాన్ కూడా తీయించారు. తరువాత ఆ చోటును మొద్దుబార్చే లిగ్నోకెయిన్ సూది ఇచ్చి, చిగుళ్ళను కోసి పక్కకు ఎత్తి, సెలైన్ పోస్తూ ఎముకను డ్రిల్లుతో తొలిచి, పన్నును రెండు ముక్కలుగా చేసి ఒక్కొక్కటే బయటికి తీసి, కుట్లు వేశారు. యాభై నిమిషాలు పట్టింది. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తం కదిలిపోతే ఎముక బయటపడి, మూడో రోజున చెవి దాకా పాకే నొప్పి వస్తుందని చెప్పి, ఉమ్మవద్దన్నారు, స్ట్రాతో తాగవద్దన్నారు. మజ్జిగన్నాన్ని పసిబిడ్డకు పెట్టినట్లు పిసుక్కుని తిన్నాను. ఇదంతా మోకాలిలో జరిగి ఉంటే చూడడానికి బంధువులు బత్తాయిలు పట్టుకుని వచ్చేవారు, బీమా సంస్థ కూడా ఎముకను ఎముకగానే గుర్తించేది.

వాళ్ళకు తెలియకపోవచ్చు గాని, 1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఈథర్ అనే మత్తుమందు పీల్పించి, ఒక రోగి దవడ కింద మెడ మీదున్న కణితిని నొప్పి తెలియకుండా తీయవచ్చని పెద్ద సర్జన్లందరి ఎదుట చూపించిన విలియం మోర్టన్ పళ్ళ డాక్టరే. ఈనాడు బీమా వాళ్ళు గుండె ఆపరేషన్‌కు బిల్లు చెల్లించేటప్పుడు అందులోని మత్తుమందు పద్దు దగ్గర ఆయనను ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుంది.

అసలు ఈ చిన్నచూపు బీమా వాళ్ళది మాత్రమే అయితే నేను ఇంతగా వాపోయేవాణ్ణి కాదు. మా చెల్లెలు పళ్ళ డాక్టరు చదువైన బీడీఎస్‌లో చేరిన రోజున మా పెద్దత్తయ్య ఇంటికి వచ్చి, మిఠాయి నోట్లో వేసుకుంటూనే, "ఎంబీబీఎస్ సీటు రాలేదా, పాపం" అన్నది. ఐదేళ్ళ బీడీఎస్, ఆపైన నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్సలో మూడేళ్ళ ఎండీఎస్, మొత్తం ఎనిమిదేళ్ళు చదివిన తరువాత పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, "అంటే అసలైన డాక్టరు కాదన్నమాట" అని మా నాన్నగారి మొహం మీదే తేల్చారు. ఆయన చేతిలోని కాఫీ గ్లాసు అలాగే చల్లారిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండేళ్ళ కిందట అదే పెద్దత్తయ్య కొడుకు హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించుకుని వెళ్ళి, డివైడర్‌ను గుద్ది, కింది దవడను రెండుచోట్ల విరగ్గొట్టుకున్నాడు. గడ్డం పక్కన ఒకచోట, చెవి ముందరి కీలు దగ్గర మరొకచోట. రాత్రి ఒంటిగంటకు ఫోన్ వచ్చింది ఎవరికనుకున్నారు? "ఒక్కసారి నువ్వు చూడవే తల్లీ" అని ఏడుస్తుంటే మా చెల్లెలు ఉన్నపళంగా బయలుదేరింది. ముందుగా పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగలతో కట్టి, కొరుకు, అంటే ఆ రెండు వరసలూ కలిసే తీరు, సరిగా కూర్చున్నదని చూసుకున్న తరువాతే ఎముక మీద టైటానియం ప్లేట్లు పెట్టి స్క్రూలు బిగించాలట. కొరుకు తప్పితే ఎముక అతికినా మనిషి జీవితాంతం సరిగా నమలలేడు. మూడు గంటల పాటు నిలబడి ఆ పని చేసింది. ఈనాడు మా బావ జామకాయ కొరుక్కుని తింటున్నాడు. పెద్దత్తయ్య మాత్రం పెళ్ళిళ్ళలో, "ఆపరేషన్ పెద్ద డాక్టర్లు చేశారు, మా మేనకోడలు కూడా పక్కనే ఉండి పళ్ళు చూసుకుంది" అని చెబుతోంది.

ఆ ఆపరేషన్‌కు బీమా వచ్చింది, ఎందుకంటే అది ప్రమాదం. అదే దవడ ఎముక, అదే చదువు, అదే డ్రిల్లు. కింది దవడ ముందుకు పెరిగి, ముందు పళ్ళు కలవక, మెతుకు నమలలేని పిల్లకు దవడను రెండువైపులా చీల్చి వెనక్కి జరిపితే మాత్రం అందం కోసమంటారు. అంటే డివైడర్‌ను గుద్దుకుంటే రోగి, గుద్దుకోకపోతే షోకిలా.

ఫోన్ పెట్టేసే ముందు ఆ అబ్బాయి, "ఏదైనా దెబ్బ తగిలి పన్ను విరిగి ఉంటే ఎఫ్ఐఆర్ కాపీ జతచేయండి సార్, చూద్దాం" అని దారి కూడా చూపించాడు. నా నోరు ప్రస్తుతం రెండు వేళ్ళ మేరకే తెరుచుకుంటోంది కాబట్టి అతనికి ఇవ్వదగిన సమాధానం అందులోంచి బయటికి రాలేదు. రేపు కుట్లు విప్పుతారు. మూడు వేళ్ళు పట్టే రోజున అదే నంబరుకు మళ్ళీ ఫోన్ చేస్తాను.