బీఎంఐ 25 లోపుంటే షుగర్ రాదని ఎవరు చెప్పారు?

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. మొదట పిన్ని పంపింది, తర్వాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, నిన్న మా బావగారు "చూశావా?" అని మళ్ళీ పంపారు. అందులో నాలుగు ముక్కలున్నాయి: డెక్సా స్కాన్ (ఒంట్లో కొవ్వు, ఎముక ఎంతుందో ఎక్స్‌రేతో కొలిచే పరీక్ష) రేడియేషన్ ప్రమాదం, ఇంట్లో వెయిట్ మెషీన్ చెప్పే కొవ్వు శాతం డెక్సాతో సమానం, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 25 లోపుంటే షుగర్ భయం లేదు, మెషీన్ రోజూ ఒకే టైముకి ఎక్కాలి.

రేడియేషన్‌కి టెన్షన్ అక్కర్లేదు, ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువే. గర్భిణులకు మాత్రం వద్దంటారు.

ఇక మెషీన్. అది కొవ్వుని చూడదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి, దాన్నిబట్టి ఒంట్లో నీళ్ళెన్నో అంచనా వేసి, మీరు ఫోన్‌లో కొట్టిన ఎత్తు, వయసు కలిపి లెక్క కడుతుంది. కరెంటు ఎక్కువగా కాళ్ళలోంచే పోతుంది కాబట్టి నడుము పైన ఏముందో దానికి పెద్దగా తెలియదు. డెక్సా రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి ఎముక, కొవ్వు, కండ విడదీస్తుంది. ఈ రెండూ సమానమా? పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఆ మెషీన్ ఎక్కకూడదన్న మాట కూడా మెసేజ్‌లో లేదు.

నా కోపమంతా బీఎంఐ ముక్క మీద. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఒంటి లెక్కలే లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. డెక్సాలో చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన ఒంటి తీరు అది, కాళ్ళూ చేతులూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా పొట్టలో చేరుతుంది. అందుకే మన డాక్టర్లు 2009లో 23 దాటితే అధిక బరువని, 25 నుంచి ఊబకాయమని గీత గీశారు. అంటే మెసేజ్ భయం లేదని చెప్పిన చోటికి వచ్చేసరికే ఊబకాయం మొదలైపోతుంది! ఇది రాసినవాళ్ళు ఒక్క డాక్టర్నైనా అడిగారా? మా నాన్న "బక్కగా ఉన్నాను, నాకెందుకొస్తుంది" అంటూ ఏళ్ళ తరబడి టెస్ట్ చేయించుకోలేదు. చూపు మసకబారి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే అప్పుడు బయటపడింది షుగర్.

నాలుగో ముక్క మాత్రం నిజం, ఒప్పుకుంటాను. పొద్దున్నే ఏమీ తినకముందు, అదే మెషీన్ ఎక్కుతూ రెండు నెలలు రాసుకుంటే, శాతం తప్పైనా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కొంత తెలుస్తుంది. నేనూ అలాగే వాడుతున్నాను.

కానీ దానికన్నా ముందు టేపు తీయండి. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య కొలవాలి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే బీఎంఐ ఎంతున్నా డాక్టర్‌ని కలవాల్సిందే.

బావగారూ, ఆ మెసేజ్ కింద "నాది 24, హమ్మయ్య" అని మీరే రాశారు. ఆదివారం వస్తున్నాను, ఈలోగా పరగడుపున షుగర్ టెస్ట్ చేయించుకుని ఉండండి.