నైటీకీ పట్టుచీరకీ మధ్య ఏమీ లేదా?

విశాఖలో నలభై అయిదు దాటిన ఏ ఆడమనిషి బీరువా అయినా తెరిచి చూడండి. పైన పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ కట్టే పట్టుచీరలు, ఉద్యోగం చేస్తుంటే వాటి కింద ఆఫీసు చీరలు, అట్టడుగున నైటీల దొంతర. రైతుబజారుకో బ్యాంకుకో వెళ్ళాలన్నా, సాయంత్రం ఆర్కే బీచ్‌లో కాసేపు నడిచి రావాలన్నా, పక్కవీధిలో చెల్లెలింటికి వెళ్ళాలన్నా వేసుకోడానికి చేతికి తగిలేది ఏదీ ఉండదు. ఉన్న కుర్తీలు పొట్ట దగ్గర పట్టేస్తాయి, పట్టనివి భుజాల మీంచి జారతాయి. దాంతో ఏమనుకుంటాం? "లావయ్యాను, నాకేమీ నప్పవు" అని. లావు సంగతి తర్వాత చూద్దాం, అసలు మన ఒంటికని కొలిచి కుట్టిన బట్ట బజార్లో లేదన్నది నా వాదన. తప్పు కొలతలో ఉంది, మోస్తున్నది మనం.

ఆ ఖాళీని నైటీ నింపేసింది. పాల ప్యాకెట్‌కి నైటీ, ఇస్త్రీ బండి దగ్గరికి నైటీ, మనవడి స్కూలు బస్సు దగ్గరికి నైటీ, పైన ఓ చున్నీ, చున్నీ దొరక్కపోతే తువ్వాలు. దీని మీద మగవాళ్ళు జోకులేస్తారు (బాల్కనీలో లుంగీ కట్టుకుని నిలబడి మరీ వేస్తారు). కానీ నైటీ ఎందుకు గెలిచిందో చూస్తే మనకేం కావాలో తెలిసిపోతుంది. నూలు గుడ్డ, నడుం దగ్గర బిగుతు లేదు, తల మీంచి వేసుకుంటే అయిపోతుంది, ఉతికితే తొందరగా ఆరుతుంది, కొన్నిటికి జేబు కూడా ఉంటుంది. లేనిదల్లా భుజం దగ్గర కుదురైన కుట్టు, ఒక ఆకారం. ఈ సుఖమంతా ఉంచి ఆ ఒక్కటీ చేర్చిన బట్ట చూపించమంటే మన షాపులు చూపించలేకపోతున్నాయి.

జగదాంబ, డాబాగార్డెన్స్, ద్వారకానగర్ ఎటు వెళ్ళినా అదే వరస. చీరల అంతస్తులో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వంద చీరలు విప్పి చూపిస్తారు. డ్రెస్సుల అంతస్తుకి వెళ్తే ఇంటర్ చదివే అమ్మాయిల్లాంటి బొమ్మలు, వాటి నడుము చుట్టుకొలతకి కుట్టిన కుర్తీలు. "ఆంటీ, మీ ఏజ్‌కి ఇది బాగుంటుంది" అంటూ సేల్స్ కుర్రాడు తీసేది మాత్రం బూడిద రంగుదో మట్టిరంగుదో, సంచిలా వేలాడేది. వయసుకి తగ్గదంటే ఆకారం లేనిదని ఎవరు నేర్పారో ఆ అబ్బాయికి!

కొలతల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు గొడవ అక్కడే. రెడీమేడ్ తయారుచేసేవాళ్ళు సాధారణంగా ఒక మీడియం సైజు నమూనా గీసి, దాన్నే అన్ని వైపులా కొంచెం కొంచెం పెంచుకుంటూ లార్జ్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ చేస్తారు. పొట్ట చుట్టుకొలతతో పాటు భుజం పెరుగుతుంది, మెడ పెరుగుతుంది, చంక కిందికి దిగుతుంది. మనిషి అలా పెరగదు కదా. ముప్పై ఏళ్ళప్పుడు మీడియం వేసుకున్నావిడకి యాభై ఏళ్ళకీ భుజాల ఎముకలు అవే, వెడల్పు అదే, మారింది నడుమూ పొట్టా. పొట్ట కోసం డబుల్ ఎక్సెల్ కొంటుంది, భుజం కుట్టు మోచేతి వైపు జారుతుంది, మనిషి ఉన్నదానికంటే రెండింతలు కనిపిస్తుంది. భారతీయుల కోసమంటూ ఒక సైజు పట్టిక లేదని గుర్తించి, కేంద్ర జౌళి శాఖ అండతో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వాళ్ళు ఇండియాసైజ్ అనే సర్వే మొదలుపెట్టారు. హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళు 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది అప్పటి ప్లాను. మంచిదే, కానీ ఆ పట్టిక ప్రకారం కుట్టిన కుర్తీ మన షాపు హ్యాంగర్ మీదికి ఎక్కేదాకా మనం ఆగలేం.

పైగా ఇదేదో కొద్దిమంది బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 36 శాతం మంది అధిక బరువు ఉన్నవాళ్ళే. 49 దాటినవాళ్ళు ఆ లెక్కలోకే రారు, వాళ్ళనీ కలిపితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మన దేశంలో మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్ళకే వచ్చేస్తుంది, ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ అంతవరకూ తొడల దగ్గర చేరిన కొవ్వు పొట్ట చుట్టూ చేరడం మొదలవుతుంది, బరువు కాటా మీద అంకె మారకపోయినా సరే. వీపు పైభాగం కాస్త వంగుతుంది, రొమ్ము కాస్త దిగుతుంది. ఇవన్నీ కుట్టుకి సంబంధించిన విషయాలు, సిగ్గుపడాల్సినవి కావు. ఇరవై ఏళ్ళ అమ్మాయి కొలతకి వేసిన డార్ట్ (రొమ్ము దగ్గర ఆకారం కోసం గుడ్డ మడిచి వేసే కుట్టు) మనకి రెండంగుళాలు పైన ఎక్కడో తేలుతుంది, అందుకే ఆ ముడతలు.

అందుకని నా ఓటు టైలర్‌కే. అయితే టైలర్ దగ్గర మనం చేసే పని ఏమిటంటే, పదేళ్ళ కిందటి డ్రెస్సు ఒకటి ఆదికిచ్చి "దీనికంటే కొంచెం లూజు పెట్టండి" అని వచ్చేయడం. ఆ కొంచెం లూజు మళ్ళీ అన్ని వైపులా పడుతుంది, రెడీమేడ్ వాడు చేసిన పనే ఈయనా చేస్తాడు. ఆది ఇవ్వకండి, నిలబడి కొలతలు ఇవ్వండి. భుజం కుట్టు ఖచ్చితంగా ఎముక దగ్గర కూర్చోవాలని, చంక కిందికి దిగకూడదని చెప్పండి. చంక కిందికి ఉంటే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ డ్రెస్సు మొత్తం పైకి లేస్తుంది, ఆటో ఎక్కేటప్పుడు పైన రాడ్డు పట్టుకుని చూడండి తెలుస్తుంది. ఛాతీ కింద నుంచి మాత్రం గుడ్డ వదులుగా, ఏ-లైన్‌గా, అంటే కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా దిగనివ్వండి. చాలామంది టైలర్లు అడిగితే గాని చెయ్యనిది ఇంకొకటుంది: పొట్ట ఉన్నవాళ్ళకి ముందు భాగం వెనకకంటే ఒక అంగుళం, అంగుళమున్నర పొడవు పెట్టాలి. పొట్ట మీంచి వచ్చే గుడ్డ కొంత అక్కడే ఖర్చయిపోతుంది, అందుకే కుర్తీ ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా కనిపిస్తుంది, చూసేవాళ్ళకి ఏం తేడానో తెలియదు గాని ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. పక్క కట్‌ల సంగతీ అంతే. తుంటి దగ్గర బిగుతుగా కుట్టి కట్ పెడితే అది నోరు తెరుచుకుంటుంది. తుంటి దగ్గర చాలినంత వదులు ఇచ్చాకే కట్ పెట్టమనాలి. ఇన్ని చెప్పి చివర్లో లోపలి కుట్టు దగ్గర మార్జిన్ వదలమని అడగడం మర్చిపోకండి. మన ఒళ్ళు ఏడాదికోలా ఉంటుంది, విప్పుకోడానికి గుడ్డ ఉండాలి.

కింద లెగ్గింగ్స్ ఒద్దంటాను. సుఖం కాదనను, కానీ పైన వెడల్పు, కింద పిక్కలు పట్టేసినట్టు, దానివల్లే పైభాగం ఇంకా పెద్దగా కనిపిస్తుంది. నూలు గుడ్డతో తిన్నటి ప్యాంటు, ముందు పట్టీ, వెనక ఎలాస్టిక్, చీలమండ దాకా పొడవు. కుర్తీ మోకాలి కిందికి. పొట్టిగా ఉన్నవాళ్ళు మరీ పాదాల దాకా దించకపోతే మంచిది.

గుడ్డ విషయంలో విశాఖకి తన లెక్క ఉంది. ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైమాటే, దానికి తోడు ఈ వయసులో ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు. జార్జెట్, పాలిస్టర్ చెమట పీల్చవు. రేయాన్ పీలుస్తుంది గాని తడిసి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, దాచాలనుకున్నదే గీత గీసి చూపిస్తుంది, పైగా మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. మన మంగళగిరి కాటన్ ఉంది చూశారూ, గుంటమగ్గం మీద నేసింది, ఒళ్ళు సాదాగా, అంచు నిజాం బోర్డర్ అనే జరీ అంచుతో, దాని నేతలో కాస్త గట్టిదనం ఉంటుంది. గుడ్డ ఒంటికి అతుక్కోకుండా దాని పాటికది నిలబడుతుంది. పక్కన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ అయితే చెప్పక్కర్లేదు, వాలుగ చేప దవడ ఎముకతో దూది శుభ్రం చేసి చేత్తో వడికిన నూలు అది, ఖరీదు ఎక్కువే, రోజువారీకి అందరూ కొనలేరు. పెడన అచ్చు కలంకారీ ఈ రెండిటి కంటే తేలిగ్గా దొరుకుతుంది. మంగళగిరిది గానీ ఇది గానీ కుట్టే ముందు ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి.

రంగుల గురించి అందరూ చెప్పే సలహా నాకు అసలు నచ్చదు. నల్లది వేస్తే సన్నగా కనిపిస్తాం, నిలువు గీతలు వెయ్యండి, పెద్ద పువ్వులు వద్దు. భుజం కుదరని నల్ల కుర్తీ కంటే భుజం కుదిరిన పసుపు కుర్తీ ఎన్నో రెట్లు నయం. మే నెలలో మిట్టమధ్యాహ్నం అసీల్‌మెట్ట సెంటర్లో నల్లది వేసుకుని బస్సు కోసం నిలబడమనండి ఆ సలహా ఇచ్చినవాళ్ళని.

ఇక నలుగురి మాట. "పెళ్ళీడుకొచ్చిన కూతురుంది, ఈవిడకి ప్యాంటులేంటి" అనేవాళ్ళు ఎంవీపీ కాలనీలో ఉన్నారు, గాజువాకలో ఉన్నారు. విచిత్రం ఏమిటంటే అదే అత్తయ్య గారు కూతురి డెలివరీకి అమెరికా వెళ్ళి ఆర్నెల్లు ట్రాక్ ప్యాంటూ టీషర్టూ వేసుకుని హాయిగా తిరుగుతారు, ఫోటోలు కూడా పంపుతారు. విశాఖ విమానాశ్రయంలో దిగాక ఆ బట్టలు సూట్‌కేసులోంచి బయటికి రావు. ఒళ్ళు అదే, మనిషి అదే, అడ్డం వచ్చింది వీధి చూపు. ఆ చూపు కూడా కొంచెం కొంచెం మారుతోంది లెండి. పొద్దున్న బీచ్ రోడ్డులో చూడండి, చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని నడిచే పెద్దావిడని ఇప్పుడు ఎవరూ తిరిగి చూడరు. చీర కట్టుకోవడమే ఇష్టమైన వాళ్ళు శుభ్రంగా చీరే కట్టుకోవచ్చు, మెత్తటి నూలు చీర కంటే ఒంటికి సర్దుకుపోయేది ఇంకోటి లేదు, దానికి సైజే లేదు కదా. నా పేచీ చీరతో కాదు, చీర కట్టే ఓపిక లేనిరోజున నైటీ తప్ప గతిలేకపోవడంతో.

ఒక చిక్కు మాత్రం ఉంది. మంచి టైలర్లు చాలామంది మగ్గం వర్కు జాకెట్ల వైపు వెళ్ళిపోయారు, డబ్బు అక్కడుంది మరి. సాదా కుర్తీ, ప్యాంటు అంటే "పెళ్ళిళ్ళ సీజను అవ్వనీండమ్మా" అని పక్కన పెట్టేస్తారు. జాకెట్టుకి వేలు పోసి, రోజూ వేసుకునే డ్రెస్సు దగ్గర వంద రూపాయలకి బేరమాడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు! ఆషాఢంలోనో శూన్యమాసంలోనో, వాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళండి, కూలి అడిగినంత ఇవ్వండి, ముందు ఒక్కటే కుట్టించండి, వేసుకుని కూర్చుని, వంగి, చేతులెత్తి చూసి, తేడాలు సరిచేయించి, అప్పుడు దాన్నే ఆదికిచ్చి మిగతావి కుట్టించండి. కుడివైపు ఫోను పట్టే జేబు పెట్టమని మాత్రం ముందే చెప్పాలి, తర్వాత పెట్టమంటే "పక్క కుట్టంతా విప్పాలమ్మా" అంటారు.